ఆరుగురి చేతులూ ఒకే పళ్ళెంలో

అమ్మలూ,

ఆదివారం ఫోన్‌లో నువ్వన్న మాట నాలుగు రోజులుగా నా చెవిలోనే ఉంది. "ప్రతి శనివారం అందరం కలిసి బయట తింటున్నాం అత్తా, ఇంటికొచ్చాక చూసుకుంటే ఏం తిన్నామో, ఏం మాట్లాడుకున్నామో ఒక్కటీ గుర్తుండట్లేదు" అన్నావు. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని అప్పుడు ఫోన్ పెట్టేశాను గానీ, దానికి నేను చెప్పాల్సింది చాలా ఉంది. నువ్వు ఇప్పుడుంటున్న ఆ ఉత్తర వర్జీనియాలోనే నేను 22 ఏళ్ళు ఉన్నాను కదా. 2023లో బెజవాడ వచ్చేశాక అక్కడి ఇల్లు నాకు పెద్దగా గుర్తురావడం లేదు. ఆఫీసైతే అసలే గుర్తురాదు. గుర్తొచ్చేవల్లా కొన్ని భోజనాలు, వాటి చుట్టూ కూర్చున్న ఐదుగురు మనుషులు.

ముందు ఆ మనుషుల సంగతి చెబుతాను. మీరు పన్నెండు మంది, ఒక్కోసారి పద్నాలుగు మంది వెళ్తున్నామన్నావు. అంతమంది కూర్చుంటే అది పెళ్ళి బంతి అయిపోతుంది. ఈ చివరన్నవాళ్ళ మాట ఆ చివరకి వినపడదు. ఎవరి పక్కవాళ్ళతో వాళ్ళు నాలుగు ముక్కలు మాట్లాడి ఫోన్లు తీస్తారు. ఆరుగురు చాలు. అదే ఆరుగురు, నెలకొక్కసారి, ముందే అనుకున్న రోజున. మాది మూడో శనివారం. గుంటూరు అమ్మాయి ఒకతె, కరీంనగర్ నుంచి వచ్చిన భార్యాభర్తలు, ఒక తమిళ అబ్బాయి, నా ఆఫీసులో పనిచేసే కొరియా ఆవిడ, నేను. ఇద్దరు రాలేకపోయినా మిగతా నలుగురం వెళ్ళేవాళ్ళం. వాయిదా వేసేవాళ్ళం కాదు, ఒకసారి వాయిదా పడితే ఇక ఆ నెల పోయినట్టే. ఎక్కడ తినాలో నెలకొకరు చెప్పాలి, తక్కినవాళ్ళు "అక్కడా?" అనకూడదు. ఈ ఒక్క నియమం లేకపోతే ఎప్పుడూ అందరికీ తెలిసిన చోటికే పోతాం.

అందరికీ తెలిసిన చోటంటే మీకూ మాకూ ఒకటే, బిర్యానీ. మన హోటళ్ళకి వెళ్ళొద్దని నేను అనను. హెర్న్‌డన్, చాంటిలీ, ఆష్‌బర్న్ వైపు ఇప్పుడు ఎన్ని వచ్చాయో నీకే తెలుసు. జ్వరం తగ్గిన మర్నాడో, అమ్మ మరీ గుర్తొచ్చిన రోజో అక్కడ పప్పన్నం తింటే ప్రాణం లేచొస్తుంది. ఆ రోజుల కోసం దాన్ని దాచుకో. నెలనెలా స్నేహితులతో అక్కడే కూర్చుంటే నోటికి ఒకటే పని పడుతుంది, ఇంటితో పోల్చడం. గోంగూరలో పులుపు చాలలేదు, చారులో ఇంగువ తగల్లేదు అనుకుంటూ లేచి వచ్చేస్తాం. అదే ఎవరికీ తెలియని వంట ముందుకొస్తే అందరం ఒకేసారి పిల్లలమైపోతాం. ఒకళ్ళనొకళ్ళం అడుగుతాం, రుచి చూపించుకుంటాం, మొహాలు చూసుకుంటాం. మాటలు వాటంతటవే పుడతాయి.

నువ్వున్న చోటు ఇందుకు ఎంత మంచిదో నీకింకా తెలిసినట్టు లేదు. ఫాల్స్‌చర్చ్‌లో ఈడెన్ సెంటర్ అని వియత్నాం వాళ్ళ దుకాణాల సముదాయం ఒకటుంది. గడియారపు స్తంభం, పసుపు మీద మూడు ఎర్ర చారల జెండా చూస్తే గుర్తుపడతావు. 1975లో దక్షిణ వియత్నాం రాజధాని సైగాన్ ఉత్తర వియత్నాం సేనల చేతిలో పడిపోయాక దేశం వదిలి వచ్చినవాళ్ళు మొదట ఆర్లింగ్టన్‌లోని క్లారెండన్‌లో కొట్లు పెట్టుకున్నారు. అక్కడికి మెట్రో వచ్చి, అద్దెలు పెరిగి, అక్కణ్ణుంచి కదిలి 1984లో ఇక్కడ చేరారు. ఇప్పుడు వందకు పైగా దుకాణాలు. ఆ జెండా వాళ్ళు పోగొట్టుకున్న దక్షిణ వియత్నాంది. అది తెలిసి తింటే ఆ గిన్నెలో పులుసు ఇంకోలా ఉంటుంది అమ్మలూ.

2010 ఫిబ్రవరిలో పెద్ద మంచు పడింది. డల్లెస్ ఎయిర్‌పోర్టు దగ్గర రెండు రోజుల్లోనే 32 అంగుళాలు. నాలుగు రోజులు ఎవరిళ్ళలో వాళ్ళం ఉండిపోయాం. పాలు అయిపోయాయి, కూరగాయలు అయిపోయాయి, ఊరగాయ అన్నంతో సరిపెట్టుకున్నాం. దారి తీశారని తెలియగానే కరీంనగర్ అబ్బాయి కారు తీసి ఒక్కొక్కరినీ ఎక్కించుకుంటూ వచ్చాడు. ఈడెన్ సెంటర్‌లో ఫో అమ్మే కొట్టు ఒకటి తెరిచి ఉంది, ఫో అంటే వాళ్ళ నూడుల్స్ పులుసు. లోపలికి వెళ్ళగానే అద్దాలన్నీ ఆవిరి. పెద్ద గిన్నెలో సేమ్యాలాంటి బియ్యపు నూడుల్స్, మీద పొగలు కక్కే పులుసు, పక్కన పళ్ళెంలో మొలకలు, నిమ్మచెక్క, మన తులసికి చెల్లెల్లాంటి ఆకు. ఆ ఆకు తుంచి వేడి పులుసులో వేయగానే వచ్చిన వాసనకి గుంటూరు అమ్మాయి కళ్ళు మూసుకుని "మా ఇంట్లో తులసికోట దగ్గర ఉన్నట్టుంది" అంది. బిల్లు ఎంతైందో ఇప్పుడు చెప్పలేను గానీ ఆ మాట మాత్రం మర్చిపోలేదు.

అక్కడికి వెళ్ళేముందు రెండు సంగతులు గుర్తుంచుకో. ఫోలో 'బో' అంటే ఆవు మాంసం, 'గా' అంటే కోడి. మీలో శాకాహారులుంటే 'చాయ్' అని రాసి ఉన్నవి చూడండి, మన టీ అనుకునేవు, వాళ్ళ భాషలో అది శాకాహారం. "మాంసం వేయొద్దు" అంటే సరిపోదు. ముక్కలు తీసేస్తారు గానీ అడుగున పులుసు ఎముకలదే ఉంటుంది, పైన చేపల సాస్ చల్లుతారు. పులుసు దేనితో కాచారు, చేపల సాస్ ఉందా అని విడిగా అడగాలి. కొరియా వాళ్ళ కిమ్చీ కూడా అంతే. చూడ్డానికి ఊరగాయలా ఉంటుంది, చాలాసార్లు అందులో రొయ్యలో చేపో ఉంటాయి. శాకాహారం తినే స్నేహితుణ్ణి తీసుకెళ్ళే నెలలో ఇవన్నీ నువ్వే ముందురోజు ఫోన్ చేసి కనుక్కో. బల్ల దగ్గర అందరి ముందూ అతనే లేచి పదిసార్లు అడగాల్సి రావడం బాగోదు.

కొరియా భోజనానికి ఆనన్‌డేల్ వెళ్ళండి. ఇదొకటి మా కొరియా ఆవిడ నేర్పింది: బల్ల మీదికి చిన్నచిన్న గిన్నెల్లో వచ్చే బాన్‌చాన్ అనే నంజుళ్ళకి డబ్బు తీసుకోరు, అయిపోతే మళ్ళీ అడగొచ్చు. వాళ్ళలో ఎవరి గ్లాసు వాళ్ళు నింపుకోరు, పక్కవాళ్ళది చూసి నింపుతారు, పెద్దవాళ్ళకి రెండు చేతులతో పోస్తారు. ఆ పద్ధతి మేం అన్ని హోటళ్ళకీ తీసుకెళ్ళాం. మంచినీళ్ళకైనా సరే, నీ గ్లాసు నేను చూడాలి, నా గ్లాసు ఇంకొకరు చూడాలి. పక్కవాళ్ళ గ్లాసు మీద కన్నుంటే ఫోన్ మీదికి కన్ను పోదు.

ఇక ఇథియోపియా భోజనం. దీని గురించి ఎంత రాసినా నాకు తనివి తీరదు. 1974లో అక్కడ రాజరికం పోయి సైనిక పాలన వచ్చాక వేలమంది వాషింగ్టన్ చుట్టుపక్కలకి వచ్చారు. ఆడమ్స్ మోర్గన్‌లో, తర్వాత యూ స్ట్రీట్ దగ్గర, ఇప్పుడు అలెగ్జాండ్రియాలో, సిల్వర్ స్ప్రింగ్‌లో వాళ్ళ హోటళ్ళున్నాయి. టెఫ్ అనే సన్నటి ధాన్యం పిండిని మన దోసెల పిండిలాగే పులియబెట్టి, ఇంజెరా అనే పెద్ద అట్టు పోస్తారు. ఒకవైపే కాలుస్తారు, పైనంతా ఆపంలా కళ్ళుకళ్ళుగా ఉంటుంది. పెద్ద పళ్ళెంలో ఆ అట్టు పరిచి, దాని మీదే కూరలన్నీ గుట్టలుగా వడ్డిస్తారు. చెంచాలు ఉండవు. అందరూ ఆ ఒక్క పళ్ళెంలోంచే, కుడిచేత్తో, అట్టు తుంచి కూర పట్టుకుని తింటారు.

బుధవారం, శుక్రవారం వాళ్ళలో ఆర్థడాక్స్ క్రైస్తవులకి ఉపవాసాలు. మాంసం, పాలు, నెయ్యి ముట్టరు. అందుకని యెత్సోమ్ బెయ్యాయ్‌నెతు అని అచ్చంగా ఉపవాసపు కూరలతో ఒక పళ్ళెం ఉంటుంది. శాకాహారులు ఏ అనుమానం లేకుండా తినొచ్చు. షిరో అన్నది రుచి చూడు, మన బొంబాయి చట్నీకి కారం కాస్త ఎక్కువైనట్టుంటుంది. మిసిర్ అంటే ఎర్ర కందిపప్పులాంటిది, గోమెన్ ఆకుకూర. కిత్ఫో మాత్రం పచ్చి గొడ్డు మాంసం, తెలియక చెప్పేవు. భోజనమయ్యాక కాఫీ చెప్పండి. గింజలు అప్పటికప్పుడు వేయించి ఆ పొగ అందరి దగ్గరికీ తెచ్చి చూపిస్తారు, జెబెనా అనే మట్టి కూజాలో కాచి చిన్న కప్పుల్లో మూడుసార్లు పోస్తారు. మూడోదాని పేరు బరకా, అంటే దీవెన. దానికి గంటైనా పడుతుంది. తొందరున్న రోజున వెళ్ళకండి.

బిల్లు సంగతి కాస్త కఠినంగానే చెబుతాను, ఎందుకంటే ఇందులో నేను తప్పు చేశాను. మా ఆరుగురు కుదరకముందు ఒక పుట్టినరోజుకి పదకొండు మందిమి వెళ్ళాం. హోటలు నేనే చూశాను, ధరలు చూడలేదు. బిల్లు వచ్చాక తలా సమానం అన్నాను. చదువుకుంటున్న అబ్బాయి ఒకడు ఒక సూపు, రొట్టె తీసుకుని ఆకలి లేదంటూ కూర్చున్నాడు. వైను తాగినవాళ్ళతో పాటు వాడూ 70 డాలర్లు ఇచ్చాడు. ఏమీ అనలేదు. ఆ తర్వాత ఎప్పుడు పిలిచినా పరీక్షలున్నాయన్నాడు. వాడు ఎందుకు రావట్లేదో నాకు అర్థమయ్యేసరికి వేరే ఊరెళ్ళిపోయాడు. ఇప్పటికీ ఆ సూపు గిన్నె నా కళ్ళముందే ఉంటుంది.

అందుకని మనిషికి ఇంతలోపు అవుతుందని పిలిచేటప్పుడే చెప్పు. మందు తాగినవాళ్ళ మందు డబ్బు వాళ్ళదే. మిగతాది పంచుకోండి. ఉద్యోగం పోయినవాళ్ళుంటే, వీసా గొడవలో ఉన్నవాళ్ళుంటే, ఆ నెల చవకైన చోటు ఎంచుకో, కారణం చెప్పకు. ఈడెన్ సెంటర్‌లో బాన్ మీ రొట్టెలు కొనుక్కుని పార్కులో కూర్చున్నా అది మీ మూడో శనివారమే. టిప్పు దగ్గర మాత్రం చెయ్యి వెనక్కి తీయొద్దు. వర్జీనియాలో వడ్డించేవాళ్ళకి యజమాని నేరుగా ఇవ్వాల్సిన కనీస కూలి గంటకి 2.13 డాలర్లే, ఆ ఫెడరల్ లెక్క 1991 నుంచి మారలేదు. తక్కినది చాలావరకు మనమిచ్చేదే. 20 శాతం ఇవ్వండి. వాషింగ్టన్‌లో కొన్నిచోట్ల సర్వీస్ ఛార్జీ ముందే కలిపేస్తారు, బిల్లు చదివి ఇవ్వండి.

టేబుల్ ముందే చెప్పుకోండి, చెప్పిన టైముకి వెళ్ళండి, అందరూ వస్తేగానీ కూర్చోబెట్టనివాళ్ళున్నారు. తాగినవాళ్ళు బండి తీయకూడదు, ఇందులో మొహమాటం లేదు. సిల్వర్ లైన్ మెట్రో ఇప్పుడు ఆష్‌బర్న్ దాకా ఉంది. మా రోజుల్లో చాలాకాలం లేదు.

ఫోటోలు ఒకటే తీయండి, భోజనం రాగానే. తర్వాత ఫోన్లు సంచుల్లోకి. ఇంటికెళ్ళాక ఒక చిన్న నోటుబుక్కులో తేదీ, ఎవరెవరు వచ్చారు, ఎవరేమన్నారు, రెండు వాక్యాలు రాసుకో. నాదింకా నా దగ్గరుంది. నీకీ ఉత్తరం రాయడానికి ముందు రాత్రి అదే చదువుకుంటూ కూర్చున్నాను.

అందులో 2016 నవంబరు పేజీ ఒకటుంది. కరీంనగర్ వాళ్ళు ఇంటికి తిరిగి వెళ్ళిపోతున్నారు, వాళ్ళ మామగారికి బాగోలేదు. ఆఖరి శనివారం ఆ అమ్మాయే ఇథియోపియా హోటల్ ఎంచుకుంది. కాఫీ పోస్తున్న హోటలావిడకి మాటల్లో తెలిసింది. కూజా కింద పెట్టి, చెయ్యి కడుక్కుని వచ్చి, ఇంజెరా తుంచి, కూర చుట్టి, పెద్ద ముద్ద చేసి ఆ అమ్మాయి నోట్లో పెట్టింది. వాళ్ళ ఆచారం అది, గుర్షా అంటారు, ప్రేమున్నవాళ్ళకి చేత్తో తినిపిస్తారు. వాళ్ళమ్మ పోయాక తనకి ఎవరూ ముద్ద పెట్టలేదని చెప్పి ఆ పిల్ల ఏడ్చింది. తర్వాత మేం ఒకళ్ళ తర్వాత ఒకళ్ళం తనకి పెట్టాం. తమిళ అబ్బాయికి సిగ్గు, అయినా పెట్టాడు.

ఈ నెల మూడో శనివారానికి ఇంకా తొమ్మిది రోజులుంది. ఐదుగురిని చూసుకో, అందులో ఒకరైనా మనవాళ్ళు కానివాళ్ళు ఉండేలా చూడు. మొదటిసారికి ఇథియోపియా భోజనమే పెట్టుకోండి. మీరు తీసే ఆ ఒక్క ఫోటో నాకు పంపు. మొహాలు అక్కర్లేదు, పళ్ళెంలో చేతులు కనిపిస్తే చాలు. నీ చెయ్యి నేను గుర్తుపడతాను.

ఆశీస్సులతో,
మీ మేనత్త