లైసెన్స్ తుపాకీ ఉంటే చేలో పడ్డ అడవి పందిని కాల్చవచ్చా?

కాల్చకూడదు. ఆయుధాల చట్టం కింద వచ్చే లైసెన్స్ తుపాకీ ఉంచుకోవడానికే తప్ప వేటకు అనుమతి కాదు. వేట సంగతి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం చూసుకుంటుంది. సరదా వేటకు అందులో దారే లేదు, కుందేలుకైనా సరే.

పంట పాడుచేసే పంది విషయంలో మాత్రం 11వ సెక్షన్ ఒక వెసులుబాటు ఇచ్చింది. చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ (రాష్ట్రంలో వన్యప్రాణుల సంరక్షణ చూసే పెద్ద అధికారి) గానీ, ఆయన అధికారమిచ్చిన అధికారి గానీ కారణాలు చూపిస్తూ రాతపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వాలి. అందులో ఎవరికి అనుమతి ఉంటే వాళ్లే కాల్చాలి. చచ్చిన పంది ప్రభుత్వ ఆస్తి, మాంసం పంచుకుంటే మళ్లీ కేసే. కాబట్టి ముందు అటవీ రేంజ్ ఆఫీసులో అర్జీ పెట్టండి, పంట నష్టం ఫొటోలతో సహా.

ఇక తుపాకీ జాగ్రత్త. ఇల్లు చేరకముందే తూటాలు తీసెయ్యాలి. బ్రీచ్ (గొట్టం వెనుక భాగం) తెరిచి, తూటా కూర్చునే చాంబర్ ఖాళీగా ఉందని కళ్లతో చూసి, వేలితో కూడా తడమాలి. ఖాళీదని తెలిసినా గొట్టం మనిషి వైపు తిప్పకూడదు. తుపాకీ ఒక చోట, తూటాలు మరో చోట, రెండింటికీ తాళం. ఎన్నికలప్పుడు పోలీసులు అడిగితే స్టేషన్లో అప్పగించి రసీదు తీసుకోండి.

తుపాకీ ఎందుకులే అని చేను చుట్టూ కరెంటు తీగ మాత్రం లాగొద్దు. రాత్రి మోటారు వెయ్యడానికి వచ్చే పక్క రైతు దాని మీదే కాలు వేస్తాడు.