రెడ్ నోటీసు వచ్చిందా? ఇంటి పన్ను బకాయిలపై మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: హైదరాబాద్ మల్కాజిగిరిలో మా నాన్నగారి పేరున చిన్న ఇల్లుంది. ఆయన పోయి అయిదేళ్లయింది. అప్పటి నుంచి ఇంటి పన్ను ఎవరమూ కట్టలేదు. అసలు 40 వేలు, వడ్డీ 22 వేలు కట్టమని ఇప్పుడు రెడ్ నోటీసు ఇచ్చారు. ఇల్లు వేలం వేస్తారేమోనని అమ్మ నిద్రపోవడం లేదు.

జవాబు: రెడ్ నోటీసు బకాయి కట్టమనే హెచ్చరిక, అది అంటించిన మర్నాడే వేలం ఉండదని ముందుగా అమ్మగారికి చెప్పండి. చట్టంలో దానికో వరుస ఉంది. మొదట బిల్లు, తర్వాత డిమాండు నోటీసు, అప్పటికీ కట్టకపోతే వారంటు. వారంటు దాకా వస్తే ముందు సామాను జప్తు చేయవచ్చు, ఆ తర్వాత ఇంటినే అటాచ్ చేయవచ్చు. ఆ అధికారం కార్పొరేషన్‌కు ఉంది కాబట్టి నోటీసును బీరువాలో పెట్టి ఊరుకోవద్దు.

డబ్బు కట్టేముందు లెక్క చూడండి. కార్పొరేషన్ వెబ్‌సైటులో పీటీఐఎన్ (ఇంటి పన్ను గుర్తింపు) నంబరు కొడితే బకాయి కనిపిస్తుంది. పాత రసీదు మీద ఉండేది 14 అంకెల నంబరు, కొత్తది 10 అంకెలది. సర్కిల్ ఆఫీసులో ఏ అర్ధ సంవత్సరానికి ఎంత అసలు, ఎంత వడ్డీ అన్న పట్టీ అడిగి తీసుకోండి. డోర్ నంబరు, ప్లింత్ ఏరియా (కట్టడం విస్తీర్ణం), నివాసమా వాణిజ్యమా అన్నవి సరిచూడండి. మాకు వచ్చే ఉత్తరాల్లో తరచూ కనిపించే తప్పులు మూడు. ఒకే ఇంటికి రెండు పీటీఐఎన్‌లు ఉండటం, కట్టిన డబ్బు వేరే నంబరుకు జమ కావడం, ఎప్పుడో మూసేసిన కిరాణా కొట్టు ఇంకా వాణిజ్యం కిందే నడుస్తూ ఉండటం. వీటిలో ఏదున్నా పాత రసీదులు జతచేసి డిప్యూటీ కమిషనర్ పేర అర్జీ ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. బిల్ కలెక్టర్‌కు నోటిమాటగా చెప్తే ఫైలు కదలదు.

ఇక వడ్డీ. మొదటి అర్ధ సంవత్సరపు పన్నుకు జూలై 31, రెండోదానికి అక్టోబరు 15 గడువు. అది దాటితే నెలకు 2 శాతం సాధారణ వడ్డీ పడుతుంది. ఏడాదికి 24 శాతమన్నమాట, బ్యాంకులో బంగారం తాకట్టు వడ్డీకన్నా చాలా ఎక్కువ. ఈ లెక్కన 50 నెలలు ఊరుకుంటే వడ్డీ అసలుతో సమానమవుతుంది. మీ నాన్నగారు పోయిన కొత్తలోని పాత వాయిదాలు అక్కడికి చేరి ఉంటాయి.

ప్రభుత్వం అప్పుడప్పుడు వన్ టైమ్ సెటిల్‌మెంట్ ప్రకటిస్తుంది. 2020, 2022, 2024, 2025లో అలా వడ్డీలో 90 శాతం మాఫీ చేశారు. అది అమల్లో ఉంటే మీరు కట్టాల్సింది అసలు 40,000, వడ్డీలో పదో వంతు 2,200, మొత్తం 42,200 రూపాయలు. అంటే 19,800 మిగులుతాయి. ఉత్తర్వు అమల్లో ఉందో లేదో సర్కిల్ ఆఫీసులో ఇవాళే అడగండి. లేకపోతే మాత్రం, రెడ్ నోటీసు చేతిలో పెట్టుకుని వచ్చే ఏడాది మాఫీ కోసం ఎదురుచూడమని మేం చెప్పం. అది ఏటా వచ్చే పండగ కాదు, ప్రభుత్వం ఇస్తేనే ఉంటుంది. మొత్తం ఒక్కసారే కట్టలేకపోతే వాయిదాలు కోరుతూ డిప్యూటీ కమిషనర్‌కు రాసివ్వండి. వాయిదాలు మీ హక్కు కాదు, ఒప్పుకోవడం వారి చేతిలో ఉంటుంది. ఖాతాలో డబ్బు లేకుండా చెక్కు మాత్రం ఇవ్వవద్దు. చెక్కు తిరిగొస్తే పన్ను గొడవ కాస్తా చెక్ బౌన్స్ కేసవుతుంది.

పన్ను కట్టడానికి మ్యుటేషన్ (పేరు మార్పు) అయ్యేదాకా ఆగక్కర్లేదు. పీటీఐఎన్ ఉంటే ఎవరైనా కట్టవచ్చు. కట్టాక మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, ఇంటి దస్తావేజు నకలు, తాజా రసీదుతో పేరు మార్పుకు దరఖాస్తు చేసుకోండి. బకాయి ఉండగా పెడితే తిప్పి పంపుతారు.

ప్రశ్న: కూకట్‌పల్లిలో పాత ఫ్లాటు కొంటున్నాం. ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) శుభ్రంగా ఉంది. పన్ను బకాయి విడిగా చూడాలా?

జవాబు: తప్పక చూడాలి. ఈసీలో కనిపించేవి రిజిస్టరైన లావాదేవీలే. ఇంటి పన్ను బకాయి రిజిస్టరు కాదు, కానీ చట్టం ప్రకారం ఆ ఇంటి మీదే భారంగా నిలుస్తుంది. అమ్మకం తేదీ దాకా ఉన్న పన్నులు అమ్మినవారే కట్టాలని ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ చెప్తుంది. అయినా ఆయన కట్టకుండా వెళ్లిపోతే నోటీసు అంటించేది మీ తలుపుకే. బాకీ సంగతి తెలియక కొన్నవారికి ఊరటనిచ్చిన సుప్రీంకోర్టు తీర్పు 1971లో అహ్మదాబాద్ మున్సిపల్ కార్పొరేషన్ కేసులో వచ్చింది. దాని మీద భరోసా పెట్టుకోకండి. ఫోన్లో అయిదు నిమిషాల్లో చూడగలిగిన బకాయిని ‘తెలియదు’ అంటే ఒప్పించడం కష్టం. అడ్వాన్సు ఇవ్వకముందే పీటీఐఎన్ అడగండి. బకాయి ఉంటే అమ్మేవారికిచ్చే సొమ్ములోంచి పట్టుకుని మీరే కట్టి రసీదు దాచుకోండి. నల్లా బిల్లు జలమండలిది, అది వేరే లెక్క, క్యాన్ (నల్లా కనెక్షన్ ఖాతా) నంబరుతో చూడండి. డెవలప్‌మెంటుకు ఇచ్చిన స్థలంలో కట్టిన ఫ్లాటైతే, కూల్చేసిన పాత ఇంటి పీటీఐఎన్ రద్దయిందో లేదో కూడా అడగండి. ఇల్లు పోయినా దాని మీద డిమాండు పెరుగుతూనే ఉంటుంది.

ప్రశ్న: మా 1,200 చదరపు అడుగుల ఇంటికి పన్ను ఎక్కువ వేశారనిపిస్తోంది. ఎలా సరిచూసుకోవాలి?

జవాబు: మీ వీధికి చదరపు అడుగు నెల అద్దె విలువ 1.25 రూపాయలుగా పెట్టారనుకుందాం. నెలకు 1,500, ఏడాదికి 18,000 రూపాయలు. నెల విలువ 300 దాటింది గనుక పన్ను ఏడాది విలువలో 30 శాతం, అంటే 5,400. ఇందులో 10 శాతం తరుగు తీస్తే 4,860. దీనికి 8 శాతం గ్రంథాలయ సెస్సు కలిపితే 5,248 రూపాయల 80 పైసలు. మీ బిల్లు దీనికి చాలా దూరంగా ఉంటే మొదట ప్లింత్ ఏరియానే అనుమానించండి. కొత్తగా పన్ను వేస్తూ స్పెషల్ నోటీసు ఇస్తే అభ్యంతరం చెప్పడానికి అందులో రాసిన గడువు దాటనివ్వకండి. ఆ తర్వాత సిటీ స్మాల్ కాజెస్ కోర్టుకు అప్పీలుకు వెళ్లవచ్చు గానీ, ముందు పన్ను జమ చేయాలి.

ప్రశ్న: టెక్సస్‌లో ఉంటున్న మా అబ్బాయి ఉద్యోగం పోయింది. ఇంటి పన్ను కట్టలేదని అక్కడ నోటీసు వచ్చింది. ఇక్కడిలాగే మాఫీ వస్తుందా?

జవాబు: ఆ ఆశ వద్దండి, అక్కడి పద్ధతి వేరు. ఫిబ్రవరి 1కి పన్ను బకాయిగా మారుతుంది. పెనాల్టీ, నెలకు 1 శాతం వడ్డీ మొదలవుతాయి. జూలై 1కి పెనాల్టీ 12 శాతానికి చేరుతుంది, ఆపైన వసూలు లాయరు ఫీజు 20 శాతం దాకా కలపవచ్చు. అందుకే జూలై రాకముందే కౌంటీ పన్ను ఆఫీసులో వాయిదాల ఒప్పందం అడగమనండి. తాను నివసించే హోమ్‌స్టెడ్ ఇల్లయి, గత 24 నెలల్లో అలాంటి ఒప్పందం చేసుకోకపోతే, కనీసం 12 నెలల వాయిదాలు ఇవ్వాల్సిందే. ఒకవేళ వేలంలో పోయినా హోమ్‌స్టెడ్‌ను విడిపించుకోవడానికి రెండేళ్ల గడువుంది. అయితే కొన్నవారికి మొదటి ఏడాది 25 శాతం, రెండో ఏడాది 50 శాతం అదనంగా ఇవ్వాలి.

ప్రశ్న: అద్దెకిచ్చిన ఇంటికి నాలుగేళ్ల బకాయి ఈ ఏడాది కట్టాను. ఆదాయపు పన్నులో చూపవచ్చా?

జవాబు: చూపవచ్చు. ఏ ఏడాది పన్నయినా, యజమాని నిజంగా కట్టిన ఏడాదిలో అద్దె ఆదాయంలోంచి తగ్గించుకోవచ్చు. కిరాయిదారు కట్టినది మాత్రం లెక్కలోకి రాదు. రసీదు మీ చెల్లింపుదే అని తెలిసేలా మీ ఖాతా నుంచే కట్టండి.