కంటికి కనపడని అణువును లెక్కపెట్టి పట్టుకున్నారు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో అయిదు ఒకే విషయం అడిగాయి: కర్బన అణువుల నిర్మాణం మొట్టమొదట ఎలా తెలిసింది? అందుకే ఈసారి శీర్షిక మొత్తం దానికే కేటాయించాం.

ప్రశ్న: అణువు లోపలి అమరికను చూపే ఎన్‌ఎంఆర్, ఎక్స్‌రే పరికరాలు లేని రోజుల్లో ఏ పరమాణువు దేనికి అతుక్కుని ఉందో ఎలా చెప్పగలిగారు? మా పుస్తకంలో నిర్మాణాలు ఇచ్చారు గానీ అవి ఎలా తెలిశాయో లేదు.
– బి.ఎస్సీ. రెండో ఏడాది విద్యార్థిని, తార్నాక

జవాబు: ముందు తూకం, తర్వాత లెక్క, ఆ తర్వాతే బొమ్మ. పాఠ్యపుస్తకాలు చాలావరకు ఈ వరస తిరగేసి బొమ్మతో మొదలుపెడతాయి. అందుకే ఎవరో చూసి గీసినట్టు అనిపిస్తుంది.

1831లో జర్మన్ రసాయనవేత్త లీబిగ్ అయిదు బుడగలున్న చిన్న గాజు పరికరం తయారుచేశాడు. బుడగల్లో గాఢమైన పొటాష్ (పొటాషియం హైడ్రాక్సైడ్) ద్రావణం ఉంటుంది. పదార్థాన్ని పొడవాటి గొట్టంలో కాపర్ ఆక్సైడ్‌తో కాలుస్తారు. వచ్చిన వాయువులు మొదట కాల్షియం క్లోరైడ్ గొట్టం దాటాలి, నీరు అక్కడ ఆగుతుంది. తర్వాత పొటాష్ బుడగల్లో కార్బన్ డయాక్సైడ్ ఆగుతుంది. రెండింటినీ ముందోసారి, తర్వాతోసారి తూస్తారు. వరస మారిందా, పొటాష్ నీటిని కూడా పట్టేసి రెండు లెక్కలూ చెడతాయి. కాపర్ ఆక్సైడ్ గాలిలో తేమ పీల్చుకుంటుంది కాబట్టి బాగా కాల్చి ఆరబెట్టకపోతే హైడ్రోజన్ ఎక్కువ పడుతుంది. మంట ఆత్రంగా పెంచితే వాయువు బుడగల్ని గబగబా దాటిపోయి కార్బన్ తక్కువ పడుతుంది. నైట్రోజన్ ఉన్న పదార్థమైతే గొట్టం చివర ఎర్రగా కాలిన రాగి తురుము తప్పనిసరి. లేకపోతే నైట్రోజన్ ఆక్సైడ్లు కూడా పొటాష్‌లో చేరి కార్బన్ బరువులో కలిసిపోతాయి.

0.46 గ్రాముల ఇథైల్ ఆల్కహాల్ కాల్చారనుకోండి. కార్బన్ డయాక్సైడ్ 0.88 గ్రాములు, నీరు 0.54 గ్రాములు వస్తాయి. 0.88లో 44కి 12 వంతు కార్బన్, అంటే 0.24. నీటిలో 18కి 2 వంతు హైడ్రోజన్, అంటే 0.06. మిగిలిన 0.16 ఆక్సిజన్. పరమాణు భారాలు 12, 1, 16తో భాగిస్తే 0.02, 0.06, 0.01 వస్తాయి. అంటే కార్బన్ 2, హైడ్రోజన్ 6, ఆక్సిజన్ 1.

ఇప్పుడు ఇదే లెక్క కార్బన్ 6, ఆక్సిజన్ 8 అనుకుని చేసి చూడండి. నిష్పత్తి 4, 6, 2 వస్తుంది! తూకం అదే, ఫార్ములా వేరు. 1850ల దాకా యూరప్‌లో చాలామంది ఈ చిన్న అంకెలతోనే పనిచేశారు. 1861 నాటి తన పాఠ్యపుస్తకంలో జర్మన్ రసాయనవేత్త కెకూలె ఒక్క ఎసిటిక్ ఆమ్లానికే వాడుకలో ఉన్న 19 ఫార్ములాలు వరసగా ఇచ్చాడు. 1860 సెప్టెంబరులో జర్మనీలోని కార్ల్స్‌రూహేలో రసాయనవేత్తల సభ జరిగింది. అక్కడ పంచిన ఇటలీ రసాయనవేత్త కనిజారో చిరుపుస్తకం పరమాణు భారాల్ని సరిచేసే దారి చూపింది. అది కుదరకుండా నిర్మాణం గురించి మాట్లాడే వీలే లేదు.

తూకం ఇచ్చేది ఎన్ని అన్నదే, ఎక్కడ అన్నది కాదు. డైమిథైల్ ఈథర్‌కీ ఇదే ఫార్ములా. ఆల్కహాల్ 78 డిగ్రీల దగ్గర మరిగే ద్రవం, ఈథర్ మామూలు వేడిలో వాయువు. ఇలాంటి జంటల్నే సాదృశకాలు అంటాం. వేరుచేసి చెప్పేది చర్యలు. 4.6 గ్రాముల ఆల్కహాల్‌లో సోడియం వేస్తే 0.1 గ్రాము హైడ్రోజన్ వస్తుంది. లెక్కేస్తే ఆరింటిలో ఒక్కటే కదిలింది. కాబట్టి ఆ ఒక్కటీ మిగతా అయిదింటిలా లేదు, ఆక్సిజన్‌కు అతుక్కుని ఉంది. ఈథర్ సోడియంతో కదలదు. అయితే ఈథర్‌లో కొంచెం తడి ఉన్నా సోడియం బుసబుసమంటుంది, చూసేవాళ్లు ఆల్కహాల్ అనుకుంటారు. కాబట్టి ముందు ఆరబెట్టాలి. ఇక హైడ్రయోడిక్ ఆమ్లం సరిపడా వేసి వేడిచేస్తే ఆల్కహాల్ ఇథైల్ అయొడైడ్ ఇస్తుంది, ఈథర్ మిథైల్ అయొడైడ్ ఇస్తుంది. మొదటిదానిలో రెండు కార్బన్లూ పక్కపక్కన ఉన్నాయి, రెండోదానిలో మధ్యన ఆక్సిజన్ ఉంది. నిర్మాణం అనే మాటకు అప్పట్లో అర్థం ఇదే.

ప్రశ్న: పాము తన తోకను తానే కరుచుకున్నట్టు కెకూలెకు కల వచ్చిందని చెబితే పిల్లలు సంబరపడతారు. వెంటనే "కల రుజువెలా అవుతుంది సార్?" అంటారు. ఏం చెప్పాలి?
– ఇంటర్ లెక్చరర్, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: పిల్లలు అడిగింది నూటికి నూరుపాళ్లు సరైన ప్రశ్న. కెకూలె బెంజీన్ ఉంగరాన్ని (ఆరు కార్బన్లు వలయంగా, ఒక్కోదానికి ఒక హైడ్రోజన్) ప్రచురించింది 1865లో. కల సంగతి చెప్పింది 1890లో, బెర్లిన్‌లో తన సన్మానసభలో. రుజువు వైపు అసలైన అడుగు వేసినవాడు రసాయనవేత్త కోర్నర్. ఆయన పాలెర్మోలో కనిజారో దగ్గర పనిచేసి మిలాన్ వెళ్లాడు, 1874లో తన పద్ధతిని పూర్తిగా ప్రచురించాడు. ఆ పద్ధతికి క్లాసులో పెన్సిలు, కాగితం చాలు.

ఆరు మూలల ఆకారం గీసి మూలలకు 1 నుంచి 6 దాకా అంకెలు వేయించండి. 1, 2 మూలల్లో హైడ్రోజన్ బదులు బ్రోమిన్ పెట్టించండి. మూడో బ్రోమిన్ ఎక్కడెక్కడ పెట్టొచ్చు? 3లో పెట్టినా 6లో పెట్టినా ఒకటే, 4, 5 కూడా ఒకటే. అంటే రెండు కొత్త పదార్థాలు. ఇప్పుడు బ్రోమిన్లను 1, 3కు మార్చండి. 2లో పెడితే ఒకటి, 4 లేదా 6లో పెడితే ఇంకొకటి, 5లో పెడితే మరొకటి, మొత్తం మూడు. 1, 4 అయితే ఎక్కడ పెట్టినా ఒకటే. కాబట్టి సీసాలోని డైబ్రోమోబెంజీన్ (రెండు బ్రోమిన్లున్నది) మూడు ట్రైబ్రోమోలు (మూడు బ్రోమిన్లున్నవి) ఇస్తే మెటా (1, 3), రెండు ఇస్తే ఓర్థో (1, 2), ఒకటే ఇస్తే పారా (1, 4). 87 డిగ్రీల దగ్గర కరిగే ఘనపదార్థం పారా అని ఖాయం కావడానికి ఆధారం ఇలాంటి లెక్కే. పిల్లలు ఎక్కువగా తడబడేది ఒకచోటే: బొమ్మను తిప్పినా, బోర్లించినా అది అదే పదార్థమని మరిచిపోయి రెండుసార్లు లెక్కిస్తారు. పారదర్శక కాగితం మీద గీయిస్తే ఆ చిక్కు పోతుంది.

ప్రయోగశాలలో అంత సులువు కాదు. మూడు రావలసినచోట ఒకటి బాగా తక్కువగా వస్తుంది, అది స్ఫటికాల కడుగునీటితో పాటు పోతే మెటా కాస్తా ఓర్థో అవుతుంది. "దొరకలేదు" వేరు, "లేదు" వేరు. పిల్లలకు ఇది తప్పకుండా చెప్పండి.

ఇంకో సంగతి కూడా దాచకండి. లెక్క కుదిరినంత మాత్రాన ఉంగరం రుజువైనట్టు కాదు. 1869లో లాడెన్‌బుర్గ్ ప్రతిపాదించిన పట్టకం ఆకారానికి కూడా రెండు బ్రోమిన్లతో మూడే సాదృశకాలు. కాకపోతే వాటిలో ఒకటి అద్దంలో ప్రతిబింబంలా రెండు రూపాల్లో ఉండాలి, అలాంటిది దొరకలేదు. ఉంగరానికీ ఓ చిక్కు ఉంది. ఒంటి బంధం, జంట బంధం మార్చి మార్చి ఉంటే ఓర్థో రెండు రకాలుగా ఉండాలి. ఉన్నది ఒకటే. బంధాలు స్థానాలు మారుతుంటాయని 1872లో కెకూలె సర్దిచెప్పాడు. తేల్చింది 1929లో కాథలీన్ లాన్స్‌డేల్. ఎక్స్‌కిరణాలతో హెక్సామిథైల్ బెంజీన్ స్ఫటికాన్ని పరిశీలించి, ఉంగరం చదునుగా ఉందని, భుజాలన్నీ సమానమని చూపింది. బెంజీన్‌లో ఒక్కో భుజం సుమారు 1.39 ఆంగ్‌స్ట్రాములు (ఆంగ్‌స్ట్రామ్ అంటే సెంటీమీటరులో పది కోట్లో వంతు), ఒంటి బంధం 1.54కూ జంట బంధం 1.34కూ మధ్యన.

ప్రశ్న: కార్బన్‌కు నాలుగు బంధాలని ముందు చెప్పింది కెకూలెనా, కూపరా? రష్యన్ పుస్తకాల్లో బట్లెరోవ్ అంటారు.
– పోటీ పరీక్షల అభ్యర్థి, అశోక్‌నగర్

జవాబు: ప్రచురణ తేదీ ప్రకారం కెకూలె, 1858 మే. స్కాట్లాండ్‌వాడైన కూపర్ ప్యారిస్‌లో వూర్ట్జ్ అనే రసాయనవేత్త దగ్గర పనిచేస్తూ అదే విషయం విడిగా రాశాడు. ఫ్రెంచి సైన్స్ అకాడమీ ముందుకు వెళ్లడం ఆలస్యమై జూన్‌లో వెలుగు చూసింది. బంధాల్ని గీతలతో చూపిన బొమ్మలు మాత్రం కూపర్‌వే మెరుగు. "రసాయన నిర్మాణం" అన్న భావనను 1861లో స్పష్టంగా నిలబెట్టినవాడు రష్యన్ రసాయనవేత్త బట్లెరోవ్. మాటతో ఆగకుండా సిద్ధాంతం ఉండాలన్న తృతీయ బ్యూటైల్ ఆల్కహాల్‌ని 1864లో తయారుచేశాడు. 25 డిగ్రీల దగ్గర గడ్డకట్టే పదార్థం అది, డిసెంబరు ఉదయాల్లో మన ల్యాబుల్లో సీసాలో బిగుసుకుని కనిపిస్తుంది.

ప్రశ్న: మా కంపెనీలో మందు పేరు ముందు ఎడమ రూపం, కుడి రూపం అని రాస్తాం, పోలారిమీటర్‌లో చూస్తాం. ఇది ఎక్కడ మొదలైంది?
– క్వాలిటీ కంట్రోల్ కెమిస్ట్, జీడిమెట్ల

జవాబు: 1848లో పాశ్చర్ చేతిలో. ఒకే తలంలో కంపించే కాంతిని (పోలారిమీటర్‌లో చూసేది దాని మలుపునే) ఎటూ తిప్పని టార్టారిక్ ఆమ్లం నుంచి సోడియం అమ్మోనియం లవణం స్ఫటికాలు పెంచి భూతద్దంలో చూశాడు. కొన్నింటి మూల పట్టీలు (మూలల్లో ఉండే చిన్న ముఖాలు) కుడివైపు, కొన్నింటివి ఎడమవైపు ఉన్నాయి. పట్టకారుతో ఏరి రెండు కుప్పలు చేశాడు. ఒక కుప్ప ద్రావణం కాంతిని కుడికి, రెండోది అంతే ఎడమకు తిప్పింది. సమానంగా కలిపితే సున్నా. ఇది సుమారు 27 డిగ్రీల లోపు చల్లదనంలోనే కుదురుతుంది. అంతకంటే వేడిగా ఉంటే రెండు రూపాలూ ఒకే స్ఫటికంలో కలిసి వచ్చేస్తాయి, ఏరడానికి ఏమీ ఉండదు. మన ఏప్రిల్‌లో ఏసీ గది లేకుండా చేయలేని ప్రయోగం ఇది. ద్రావణాన్ని త్వరగా ఇంకించకూడదు కూడా, సన్న రవ్వలా వస్తే పట్టీలు కనపడవు.

కారణం 1874లో దొరికింది. సెప్టెంబరులో వాంట్ హాఫ్, నవంబరులో లె బెల్, ఎవరికి వారే చెప్పారు: కార్బన్ నాలుగు చేతులూ చతుర్ముఖి (నాలుగు త్రిభుజాల ముఖాలున్న ఆకారం) మూలల వైపు ఉంటాయి, నాలుగింటికీ వేర్వేరు సమూహాలు తగిలితే అద్దంలో బొమ్మలా రెండు రూపాలు వస్తాయి. ఇక్కడా లెక్కే సాక్ష్యం. గ్లూకోజు గొలుసులో అలాంటి కార్బన్లు నాలుగు, కాబట్టి ఆ కుటుంబంలో 16 చక్కెరలు ఉండాలి. 1891లో జర్మన్ రసాయనవేత్త ఫిషర్ గ్లూకోజు వాటిలో ఏదో తేల్చాడు. అసలు కుడి ఏది, ఎడమ ఏది అన్నది మాత్రం ఆయన ఊహించి పెట్టుకున్నదే. 1951లో డచ్ శాస్త్రవేత్త బైఫుట్ ఎక్స్‌కిరణాలతో చూసేసరికి ఊహ సరిపోయింది.

ప్రశ్న: స్కూలు ప్రదర్శనకు చతుర్ముఖి కార్బన్ నమూనా చేయాలి. రంధ్రాలు ఎప్పుడూ వంకరగా వస్తున్నాయి.
– తొమ్మిదో తరగతి విద్యార్థి తండ్రి, రామంతపూర్

జవాబు: చేతుల మధ్య ఉండాల్సిన 109.5 డిగ్రీల కోణాన్ని కోణమాపకంతో బంతి మీద కొలవలేం, వృత్తలేఖినితో కొలవండి. 5 సెంటీమీటర్ల థర్మోకోల్ బంతి తీసుకోండి. వృత్తలేఖినిని 4.1 సెంటీమీటర్లకు తెరవండి (బంతి వ్యాసంలో 0.816 వంతు). ఎక్కడైనా ఒక చుక్క పెట్టి దాని చుట్టూ వృత్తం గీయండి. వృత్తం మీద రెండో చుక్క పెట్టండి. అక్కడ ముల్లు పెట్టి అదే కొలతతో వృత్తాన్ని రెండువైపులా కోయండి, అవే మూడు, నాలుగు. ఆ చివరి రెండింటి మధ్య దూరం కూడా 4.1 ఉండాలి. తక్కువ వస్తే వృత్తలేఖిని ఎక్కువ తెరిచారు, ఎక్కువ వస్తే తక్కువ తెరిచారు.

పుల్లలు గుచ్చేటప్పుడు మొన బంతి నడిమధ్యకు వెళ్లాలి. సగం లోతులోనే ఆగితే పుల్ల వాలిపోతుంది. అగరుబత్తి పుల్లలు సన్నం, వెదురు పుల్లలు నయం. స్ప్రే పెయింట్, సూపర్ గ్లూ వద్దు, థర్మోకోల్ కరిగిపోతుంది. నీళ్ల రంగులు, ఫెవికాల్ వాడండి. కార్బన్ నలుపు, హైడ్రోజన్ తెలుపు, ఆక్సిజన్ ఎరుపు, నైట్రోజన్ నీలం, క్లోరిన్ ఆకుపచ్చ: ఈ రంగులు 1865లో లండన్ ఉపన్యాసంలో జర్మన్ రసాయనవేత్త హాఫ్‌మన్ చూపిన బంతుల నుంచి వస్తున్నవే.

హాఫ్‌మన్ నమూనాల్లో కార్బన్ చేతులు మాత్రం చదునుగా, కూడలిలా ఉండేవి. అలాంటిది కూడా ఒకటి చేసి పక్కన పెట్టండి. రెండు తెల్ల, రెండు ఆకుపచ్చ బంతులు గుచ్చితే చదును నమూనాలో ఆకుపచ్చవి పక్కపక్కనా పెట్టొచ్చు, ఎదురెదురుగానూ పెట్టొచ్చు. చతుర్ముఖిలో ఎలా గుచ్చినా తిప్పితే ఒకటే. ఆ నమూనా చూపే డైక్లోరోమీథేన్ (కార్బన్‌కు రెండు హైడ్రోజన్లు, రెండు క్లోరిన్లు) ఇంతవరకు ఒక్క రకమే దొరికింది. చూడవచ్చినవాళ్ల చేతికి బంతులిచ్చి రెండో రకం చేయమని చెప్పండి.