అక్షరాల ఆట పట్టుకున్న అమ్మాయిని ఏ చదువులో చేర్చాలి?

ప్రశ్న: మా అమ్మాయి పదో తరగతి. వర్డిల్‌తో (ఐదక్షరాల ఇంగ్లిష్ పదాన్ని ఊహించి కనుక్కునే ఆన్‌లైన్ ఆట) మొదలైన సరదా ఇప్పుడు పిచ్చిగా మారింది. 'మధ్యలో ఎక్స్ వచ్చే ఐదక్షరాల ఇంగ్లిష్ పదాలు', 'క్యూ ఉండి యు లేని పదాలు' అంటూ నోటుపుస్తకాలు నింపేస్తోంది. ఇంగ్లిష్ మార్కులు మాత్రం మామూలే. వాళ్ల నాన్నగారు టైమ్ వేస్ట్ అంటారు. నాకేమో ఇంగ్లిష్ లిటరేచర్‌లో చేర్పిస్తే రాణిస్తుందేమో అనిపిస్తోంది. మీరేమంటారు?
– ఒక తల్లి

జవాబు: మీ ఉత్తరంలో నాకు బాగా పనికొచ్చిన మాట 'ఇంగ్లిష్ మార్కులు మామూలే' అన్నది. మీరు దాన్ని లోపంగా రాశారు కానీ, అసలు ఆధారం అక్కడే ఉంది. ఈ సరదా ఉన్నంత మాత్రాన భాష మీద ఇష్టం ఉన్నట్టు కాదు. న్యూజిలాండ్‌కు చెందిన నైజెల్ రిచర్డ్స్ 2015లో ఫ్రెంచ్ స్క్రాబుల్ (అక్షరాల బిళ్లలతో పదాలు పేర్చే ఆట) ప్రపంచ పోటీ గెలిచాడు. అతనికి ఫ్రెంచ్ మాట్లాడటం రాదు. పోటీకి ముందు కొన్ని వారాలు కూర్చుని ఆటలో చెల్లే పదాల పట్టికను బుర్రకెక్కించుకున్నాడంతే. 2024లో స్పానిష్‌లోనూ గెలిచాడు. అర్థాలతో పని లేకుండా అక్షరాల అమరికను పట్టుకునే తెలివి అది. కథలూ కవిత్వమూ చదివి వాటి గురించి రాయాల్సిన లిటరేచర్ కోర్సుకు కావలసింది వేరే. కాబట్టి నోటుపుస్తకాలు చూసి లిటరేచర్‌లో చేర్పించకండి. పరీక్షలకు వొకాబులరీ పెరుగుతుందని కూడా ఈ జాబితాల మీద ఆశ పెట్టుకోవద్దు. అక్కడ అడిగేది అర్థం, వాడకం.

అలాగని నాన్నగారి మాటతోనూ నేను ఏకీభవించను. ఆ ఆటలో తల ఎలా పనిచేస్తుందో చూడండి. చివరి నాలుగు అక్షరాలు ఐ, జి, హెచ్, టి అని తేలిపోయాయి, మొదటిది ఒక్కటే తెలియదు. ఫైట్, లైట్, మైట్, నైట్, రైట్, సైట్, టైట్ అని ఏడు పదాలు మిగిలాయనుకోండి. వర్డిల్‌లో ఉండేవే ఆరు ఛాన్సులు, అందులో కొన్ని అప్పటికే అయిపోయాయి. ఇక్కడ చాలామంది ఒక్కో పదం వేసుకుంటూ పోయి ఓడిపోతారు. కొందరు మాత్రం జవాబు కాదని తెలిసీ 'ఫార్మ్స్' వేస్తారు. ఎందుకంటే అందులో ఎఫ్, ఆర్, ఎమ్, ఎస్ నాలుగూ ఉన్నాయి. వాటిలో ఒకటి తగిలితే జవాబు దొరికినట్టే. ఏదీ తగలకపోయినా మిగిలేవి మూడే. (దొరికిన అక్షరాలను ప్రతిసారీ వాడి తీరాల్సిన హార్డ్ మోడ్‌లో ఈ ఎత్తు సాగదు, మీ అమ్మాయికి తెలిసే ఉంటుంది.) తప్పని తెలిసిన జవాబును కావాలని వేసి, ఎక్కువ సమాచారం రాబట్టడం చిన్న తెలివి కాదు. ప్రోగ్రామ్‌లో బగ్ ఎక్కడుందో వెతికేవాళ్లూ, ఏ పరీక్ష ముందు రాస్తే రోగం తేలుతుందో ఆలోచించే డాక్టర్లూ చేసేది ఇదే.

దీని వెనక గణితం కూడా ఉంది. అమెరికన్ గణిత శాస్త్రవేత్త క్లాడ్ షానన్ 1948లో సమాచారాన్ని లెక్కగట్టే సిద్ధాంతం ఇచ్చాడు. 1951లో ఇంగ్లిష్ వాక్యంలో తర్వాతి అక్షరాన్ని మనుషులు ఎంతవరకు ఊహించగలరో కొలిచి ఒక పేపర్ రాశాడు. తర్వాత ఏమొస్తుందో ఊహించడమే ఈనాటి భాషా మోడళ్లు (చాట్‌బాట్‌లను నడిపే ప్రోగ్రామ్‌లు) చేసే పని కూడా. స్క్రాబుల్ కనిపెట్టిన ఆల్‌ఫ్రెడ్ బట్స్ అయితే వార్తాపత్రికల పేజీల్లో ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తుందో కూర్చుని లెక్కపెట్టాడు. ఇంగ్లిష్ స్క్రాబుల్‌లో 'ఇ' (E) అక్షరం బిళ్లలు 12 ఉండి, ఒక్కోదానికి ఒక్క పాయింటే రావడానికీ, క్యూ ఒకటే ఉండి పది పాయింట్లు పలకడానికీ ఆ లెక్కే కారణం. 1942లో బ్రిటన్‌లో డైలీ టెలిగ్రాఫ్ పత్రిక 12 నిమిషాల్లో క్రాస్‌వర్డ్ పూర్తిచేసే పోటీ పెట్టింది. అందులో పాల్గొన్న కొందరిని ఆ తర్వాత శత్రువుల రహస్య సంకేతాలు విప్పే బ్లెచ్లీ పార్క్ పనికి తీసుకున్నారు.

ఇక ఉద్యోగాల సంగతి. క్రాస్‌వర్డ్‌లు తయారుచేస్తూ, స్క్రాబుల్ ఆడుతూ బతికేవాళ్లు ప్రపంచం మొత్తం మీద బహు తక్కువ. నిఘంటువుల తయారీ మంచి పనే కానీ పోస్టులు కొన్నే. గట్టిగా నిలబడగలిగేవి కంప్యూటర్ సైన్స్, అందులో భాషకు సంబంధించిన విభాగం, డేటా పని, క్రిప్టోగ్రఫీ (రహస్య సంకేతాల శాస్త్రం). వీటన్నిటికీ లెక్కలు కావాలి. అందుకే పదో తరగతి తర్వాత ఏ గ్రూప్ తీసుకున్నా లెక్కలు వదిలిపెట్టనివ్వకండి. ఒకవేళ ఆమె 'క్యూ పక్కన దాదాపు ఎప్పుడూ యు ఎందుకు?' అని అడిగే రకమైతే దారి మారుతుంది. పాత ఇంగ్లిష్‌లో సి, డబ్ల్యూలతో రాసిన పదాలను ఫ్రాన్స్ నుంచి వచ్చి ఇంగ్లండ్‌ను గెలిచిన నార్మన్ల కాలంలో లేఖకులు తమ అలవాటు ప్రకారం క్యూ, యులతో రాయడం మొదలుపెట్టారు. ఇలాంటి సంగతులు వింటే కళ్లు మెరిసే పిల్లలకు లింగ్విస్టిక్స్ (భాషాశాస్త్రం) సరిపోతుంది.

మీ అమ్మాయి ఏ రకమో తేల్చడానికి ఆప్టిట్యూడ్ టెస్టుకు డబ్బు పోయొద్దు. సెలవుల్లో కాస్త పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోనివ్వండి. ఇంగ్లిష్ పదాల పట్టికలు నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఒకటి తీసుకుని, పొడవు ఇంత, ఫలానా చోట ఫలానా అక్షరం అని చెబితే సరిపోయే పదాలన్నీ చూపించే చిన్న ప్రోగ్రామ్ రాయమనండి. కొత్తవాళ్లు కూడా రాయగలిగినదే. ఇన్నాళ్లూ చేత్తో నింపిన పేజీలు అప్పుడు క్షణంలో తెరమీదికి వచ్చేస్తాయి. అసలు పరీక్ష ఇక్కడ మొదలవుతుంది. 'ఇక మజా ఏముంది?' అని పక్కన పెట్టేస్తే ఆమెకు నచ్చింది ఆట. అదీ మంచిదే, హాబీగా ఉండనివ్వండి, కెరీర్ వేరే చోట వెతుకుదాం. 'ఏ అక్షరం ఏ స్థానంలో ఎక్కువ వస్తోంది? మొదట ఏ పదం వేస్తే ఎక్కువ పదాలు ఎగిరిపోతాయి?' అంటూ ప్రోగ్రామ్‌ను సాగదీస్తూ కూర్చుంటే నాన్నగారిని పిలిచి చూపించండి.

పరీక్షలు అయ్యేదాకా మాత్రం రోజుకు ఒక ఆట, అదీ చదువు అయ్యాక అని ఒప్పందం చేసుకోండి. వర్డిల్ ఎలాగూ రోజుకు ఒక్క కొత్త పదమే ఇస్తుంది కనుక పెద్దగా గొడవ ఉండదు. నోటుపుస్తకాలు లాక్కోవద్దు. ప్రోగ్రామ్ రాశాక ఏం జరిగిందో, ముఖ్యంగా ఆమె అడిగిన మొదటి ప్రశ్న ఏమిటో నాకు రాయండి. గ్రూప్ ఎంపిక గురించి అప్పుడు వివరంగా మాట్లాడుకుందాం.