తలకు దెబ్బ తగిలాక జోనల్ పోటీలకు పంపవచ్చా?

ప్రశ్న: మాది కావలి దగ్గర పల్లె. మా అబ్బాయి తొమ్మిదో తరగతి. మూడు రోజుల క్రితం బడిలో కబడ్డీ ఆడుతుంటే, పట్టబోయిన పిల్లవాడి మోకాలు వీడి కణతకు బలంగా తగిలింది. కాసేపు కూర్చుని, "స్కోరెంత?" అని అడిగిందే అడిగాడట. మొహాన నీళ్ళు చల్లి, గోలీసోడా తాగించి మళ్ళీ కూతకు పంపారు. నెల్లూరులో స్కాన్ తీయిస్తే ఏమీ లేదన్నారు. ఇప్పటికీ ట్యూబులైటు చూస్తే తలనొప్పి అంటున్నాడు. వచ్చేవారం జోనల్ పోటీలు. స్పోర్ట్స్ కోటా ఆశతో వాళ్ళ నాన్న పంపుదామంటున్నారు. పంపవచ్చా?
– ఒక తల్లి

జవాబు: పంపవద్దమ్మా. మీరు రాసినవి కంకషన్ లక్షణాలు, అంటే దెబ్బ కుదుపుకు మెదడు పనితీరు కొంతకాలం తడబడడం. కంకషన్ అయినవాళ్ళలో ఎక్కువమందికి స్పృహ తప్పదు. పుర్రె చిట్లినా, లోపల రక్తం కారినా స్కాన్‌లో తెలుస్తుంది. కుదుపుకు మెదడు పనితీరు తడబడితే అందులో కనబడదు. అందుకే స్కాన్ బాగున్నంత మాత్రాన ఆడవచ్చని కాదు.

నా భయమంతా రెండో దెబ్బ గురించే. మొదటిది మానకముందే మళ్ళీ తగిలితే, అరుదుగానైనా, మెదడు వాచి ప్రాణం మీదికి రావచ్చు. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో జాకరీ లిస్టెడ్ అనే 13 ఏళ్ళ పిల్లవాడు 2006లో తలకు దెబ్బ తగిలాక అదే ఆటలో మళ్ళీ దిగాడు. మెదడులో రక్తస్రావమైంది. బతికాడు కానీ మాటా నడకా మళ్ళీ నేర్చుకోవలసి వచ్చింది. 2009లో అక్కడ అతని పేరిట చట్టం తెచ్చారు: కంకషన్ అనుమానం రాగానే ఆట ఆపించాలి, వైద్యులు రాసి ఇచ్చేదాకా దించకూడదు. మన బడులకు ఆ చట్టం వర్తించకపోయినా, పీఈటీ మాస్టారు రేపటి నుంచే ఆ నియమం పాటించవచ్చు. ఆయనతో నేరుగా మాట్లాడండి.

మొదటి ఒకటి రెండు రోజులు విశ్రాంతి చాలు, చీకటి గదిలో పడుకోబెట్టనక్కర్లేదు. ఇప్పుడు మెల్లగా నడవనివ్వండి. ఫోను తగ్గించండి. ముందు చదువు, తర్వాతే ఆట. పాఠాలు ఇబ్బంది లేకుండా వింటున్నాడంటే తేలికగా పరుగు, ఆపైన ఒంటరిగా అడుగుల సాధన. మెట్టుకూ మెట్టుకూ కనీసం ఒక రోజు ఎడం ఉండాలి. లక్షణాలన్నీ పోయి, డాక్టరు సరేనన్న తర్వాతే పట్టులాట. పిల్లలకు నెల దాకా పట్టవచ్చు. కోటా గురించి వాళ్ళ నాన్న బెంగ నాకు అర్థమవుతుంది. ఈ ఒక్క పోటీ కోసం వాడి తలను పణం పెట్టవద్దని నా మాటగా చెప్పండి.

వాంతులు మళ్ళీ మళ్ళీ అయినా, తలనొప్పి పెరుగుతున్నా, మాట తడబడినా, ఫిట్స్ వచ్చినా, నిద్రలో ఎంత లేపినా లేవకపోయినా తెల్లవారేదాకా ఆగకుండా 108కి ఫోను చేయండి.