ఒక పూట గుత్తిలో ఆగండి

ప్రశ్న: మేడమ్, సెలవుల్లో హైదరాబాద్ నుంచి బెంగళూరుకు కారులో వెళ్తున్నాం. మాతో పదేళ్ల బాబు, మోకాళ్ల నొప్పులున్న మా అత్తగారు ఉంటారు. పెట్రోల్ బంకుల్లో, హైవే హోటళ్లలో తప్ప ఇంకెక్కడా దిగకుండా పోవాలంటే మనసొప్పడం లేదు. దారిలో ఒక పూట గడపదగ్గ చిన్న ఊరేదైనా చెప్తారా?
- ఒక పాఠకురాలు, సికింద్రాబాద్

జవాబు: గుత్తిలో ఆగండమ్మా. కర్నూలు, డోన్ దాటాక, అనంతపురానికి ముందు వస్తుంది. మీ ప్రయాణంలో ఇంచుమించు సగం దూరం. మాదీ అనంతపురం జిల్లానే, ఆ అభిమానంతో చెబుతున్నాననుకున్నా పర్వాలేదు. కాకపోతే ముందు రోజు రాత్రి కర్నూలులో పడుకుని తెల్లవారుజామునే బయల్దేరండి. ఎండెక్కాక గుత్తి కోట ఉన్న కొండ ఎక్కలేరు.

బైపాస్ మీద నుంచి సాగిపోకుండా ఊళ్లోకి రండి. టిఫిన్‌కి ఉగ్గాని, మిరపకాయ బజ్జీ అడగండి. బొరుగులు (మరమరాలు) నీళ్లలో తడిపి, ఆ నీళ్లు పిండేసి, ఉల్లిపాయలు, పచ్చిమిర్చి వేసిన తాలింపులో కలిపి, పుట్నాల పొడి చల్లుతారు. వేడివేడి బజ్జీ నంజుకుని తినాలి. ఇడ్లీ, దోసె బెంగళూరులో ఎలాగూ దొరుకుతాయి.

తర్వాత కోట. పైన అంగళ్లుంటాయనుకోకుండా నీళ్ల బాటిళ్లు నిండుగా పట్టుకెళ్లండి. ఈ కోటలో నీళ్ల కథే పెద్ద కథ. మరాఠా సర్దారు మురారిరావు ఘోర్పడే ఇక్కడి నుంచి ఏలాడు. 1776లో హైదర్ అలీ చుట్టుముట్టాడు. ఇంత ఎత్తు కొండ, ఇన్ని గోడలు ఉండి కూడా చివరికి లోపల నీళ్లు అయిపోయి మురారిరావు లొంగిపోవాల్సి వచ్చింది. పైన బండల మధ్య వాననీళ్లు పట్టడానికి తొలిచిన గుంతలు బాబుకు చూపించి ఈ సంగతి అక్కడే చెప్పండి. పుస్తకంలో చదివితే మర్చిపోతాడేమో గానీ, దాహమేస్తున్నప్పుడు వింటే మర్చిపోడు. కొండ అంచున మురారిరావు కూర్చుని చదరంగం ఆడేవాడని చెప్పే చిన్న మంటపం ఉంది. ఊరంతా కనిపిస్తుంది. అక్కడ మాత్రం బాబు చెయ్యి వదలకండి.

మీ అత్తగారిని కొండ ఎక్కించొద్దు. కోట దారి మొదట్లోనే పాత ఇంగ్లీషువాళ్ల సమాధులున్నాయి. దత్తమండలాలకు (ఇప్పటి రాయలసీమ వైపు ప్రాంతం) కలెక్టరుగా చేసి, తర్వాత మద్రాసు గవర్నరైన థామస్ మన్రో 1827లో పత్తికొండలో కలరాతో చనిపోతే ముందు ఇక్కడే పూడ్చారు. తర్వాత మద్రాసుకు తరలించారు. మా వైపు ఆయన మీద గౌరవంతో పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నవాళ్లున్నారు. ఆవిడకు తోడుగా ఒకరు కిందే ఉండండి, పెద్దావిడను ఒంటరిగా కార్లో కూర్చోబెట్టడం బాగోదు.

పదిన్నరకల్లా దిగిపోతే, మధ్యాహ్నం భోజనం అనంతపురంలో చేయొచ్చు. రాగి సంగటి, చెనిక్కాయల చట్నీ దొరికే చోటు అడిగి మరీ వెళ్లండి.