టెక్ సందేహాలు: ఛార్జింగ్ బోర్డులో ఎర్ర లైటు ఎందుకు ఆరడం లేదు?

ప్రశ్న: మా మామిడి తోట మోటారు షెడ్డులో నేల తేమను కొలిచి ఫోనుకు సందేశం పంపే పరికరం తయారు చేశాను. కరెంటు పోయినా పనిచేయాలని టీపీ4056 చిప్ ఉన్న ఛార్జింగ్ బోర్డుకు 18650 సెల్ (గొట్టం ఆకారపు లిథియం అయాన్ బ్యాటరీ) తగిలించి, పరికరాన్ని కూడా ఆ సెల్‌కే కలిపాను. పరికరం ఎప్పుడూ 140 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటుంది. ఛార్జింగ్ మొదట్లో చిప్ బాగా వేడెక్కుతోంది, రోజంతా ప్లగ్గులో ఉంచినా ఎర్ర లైటు ఆరడం లేదు. చిప్ పాడైందా?
— డిప్లొమా విద్యార్థి, బంగారుపాళ్యం, చిత్తూరు జిల్లా

జవాబు: చిప్ బాగానే ఉందని మీరు రాసిన అంకెలే చెబుతున్నాయి. అది మొదట స్థిరమైన కరెంటుతో సెల్‌ను 4.2 వోల్టుల దాకా తీసుకెళ్లి, ఆపై వోల్టేజీని అక్కడే నిలిపి, కరెంటు మొదటి విలువలో పదో వంతుకు దిగినప్పుడు ఛార్జింగ్ ఆపేస్తుంది. 1 ఆంపియర్‌కు అమర్చిన బోర్డులో ఆ హద్దు 100 మిల్లీ ఆంపియర్లు. మీ పరికరం ఒక్కటే 140 లాగుతోంది కనుక, సెల్ నిండిన తర్వాత కూడా కరెంటు హద్దుకు దిగినట్టు చిప్‌కు కనిపించదు, అందుకే ఛార్జింగ్ సాగుతోందని చెప్పే ఎర్ర లైటు ఆరదు. సెల్‌కు ఎంత పోతోందో, పరికరానికి ఎంత పోతోందో విడదీసి చూసే మార్గం దానికి లేదు. సెల్ అదే పనిగా 4.2 వోల్టుల వద్ద ఉండిపోవడం వల్ల దాని ఆయుష్షు తగ్గుతుంది.

అంతకన్నా నన్ను కలవరపెట్టేది చాలాసేపు కరెంటు పోయిన సందర్భం. సెల్ 2.9 వోల్టుల కిందికి దిగితే ఈ చిప్ సుమారు 130 మిల్లీ ఆంపియర్లే ఇస్తుంది. పరికరానికి 140 కావాలి కనుక, సెల్ నిండడం అటుంచి, ప్లగ్గులో ఉండగానే ఇంకా ఖాళీ అవుతుంది.

ఇక వేడి సంగతి. ఇది లీనియర్ ఛార్జర్, అంటే మిగులు వోల్టేజీని వేడిగా పోగొట్టే రకం; 3.5 వోల్టుల సెల్‌కు 5 వోల్టుల నుంచి 1 ఆంపియర్ ఇస్తే 1.5 వాట్లు వేడిగా మారతాయి. బోర్డులో ఛార్జింగ్ కరెంటును నిర్ణయించే 1.2 కిలో ఓమ్ రెసిస్టర్ బదులు 2 కిలో ఓమ్ పెడితే ఛార్జింగ్ కరెంటు 580 మిల్లీ ఆంపియర్లకు తగ్గి చిప్ చల్లబడుతుంది, కానీ ఆపే హద్దు కూడా 58కి దిగుతుంది కనుక మీ అసలు సమస్య మరింత ముదురుతుంది.

మీకు కావలసింది పవర్ పాత్ (పరికరానికీ సెల్‌కూ కరెంటును విడివిడిగా పంపే ఏర్పాటు) ఉన్న ఐసీ, అంటే చిప్. మైక్రోచిప్ వారి ఎంసీపీ73871, టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి బీక్యూ24074 ఈ కోవకు చెందినవి. ఇవి అడాప్టర్ కరెంటును ముందుగా పరికరానికి ఇచ్చి, మిగిలినదానితో సెల్‌ను నింపుతాయి. అడాప్టర్ చాలకపోతే ఛార్జింగ్‌ను తగ్గిస్తాయి, అప్పటికీ చాలకపోతే సెల్ నుంచి సాయం తీసుకుంటాయి. సెల్ పూర్తిగా ఖాళీగా ఉన్నా పరికరం వెంటనే మేల్కొంటుంది.

కొత్త బోర్డు కొనేటప్పుడు 10 కిలో ఓమ్ థర్మిస్టర్ (వేడిని గుర్తించే రెసిస్టర్) తగిలించే వీలుందో లేదో తప్పక చూడండి. చవక టీపీ4056 బోర్డులు చాలావాటిలో ఉష్ణోగ్రతను గమనించే పిన్‌ను గ్రౌండ్‌కు కలిపేసి ఉంచుతారు, దాంతో ఆ రక్షణ పనిచేయదు. లిథియం అయాన్ సెల్‌ను సాధారణంగా 45 డిగ్రీలు దాటాక ఛార్జ్ చేయకూడదు; మన జిల్లాలో మే నెల మధ్యాహ్నం రేకుల షెడ్డులో ఆ వేడి సులువుగా దాటుతుంది. థర్మిస్టర్‌ను సెల్‌కు ఆనించి కట్టండి, డబ్బాను రేకులకు దూరంగా, గోడ కింది భాగంలో బిగించండి.